ఇత్తడి అతుకు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, మూడో నంబరు లేత్ దగ్గర పనిచేస్తున్న టర్నర్ ఛాతీలో ఎడమవైపు ఆకురాయి దిగింది. దిగింది ఇనుమును అరగదీసే వైపు కాదు, పిడి తొడిగే వైపు. పిడి లేదు.

ఆ సమయానికి మెషీన్ షాపులో ఐదుగురున్నారు. దిగినవాడు నోరెత్తలేదు. ముగ్గురు అరిచారు. మిగిలిన ఒక్కడు మెషీన్ ఆపాడు. అతను హెడ్ టర్నర్, దెబ్బ తగిలినవాడికి స్వయానా బావ. షాపులో అతన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. జేబులో ఎప్పుడూ కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ ఉంటుంది కాబట్టి వెర్నియర్ అంటారు. చొక్కా గుండీ ఊడినా దాని మందం కొలిచిగాని సూదిలోకి దారం ఎక్కించడని చెప్పుకుంటారు. అది నిజమే.

జరిగింది ఇంత. పంపులోకి వెళ్లే ఇనుప కడ్డీని లేత్ మీద తిప్పుతూ, దాని అంచున మిగిలిన గరుకును బావమరిది ఆకురాయితో నునుపు చేస్తున్నాడు. కడ్డీని దవడలతో పట్టుకుని తిప్పే భాగాన్ని చక్ అంటారు. ఆకురాయి ముందు కొస చక్ దవడకు తగిలింది. చక్ దాన్ని వెనక్కి కొట్టింది. వెనక మనిషి ఉన్నాడు.

బావమరిది పడిపోలేదు. తల వంచి చూసుకున్నాడు. పన్నెండంగుళాల ఆకురాయి చొక్కా జేబు కింద నుంచి నిటారుగా బయటికి వచ్చి ఉంది.

“బావా, దిగింది” అన్నాడు.

“కనిపిస్తోంది.”

“తీసెయ్యనా?”

“ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా.”

వెర్నియర్ వైద్యం చదువుకోలేదు. కానీ గేర్‌బాక్సు అడుగున మర బిగించి ఉన్నంతసేపే నూనె లోపల ఉంటుందని అతనికి తెలుసు. అది ఊడదీసిన మనిషి మొహం ఎలా ఉంటుందో కూడా చూశాడు. ఆ తెలివితోనే బావమరిది చేతులు రెండూ పక్కకి తీయించి, ఆకురాయిని తన కుడిచేత్తో పట్టుకున్నాడు. లాగడానికి కాదు, బరువు మోయడానికి. తర్వాత ఛాతీ సర్జన్ ఈ సంగతి విని, “ఎవరు నేర్పారు?” అని అడిగింది. “గేర్‌బాక్సు మేడమ్” అన్నాడు.

షాపుకి ఉన్నది ఒక సామాన్ల వ్యాను. వెనక అట్టపెట్టెలు పరిచి బావమరిదిని వాటి మీద ఆనించి కూర్చోబెట్టారు. వెర్నియర్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆస్పత్రికి పదిహేడు నిమిషాలు పట్టింది. పదిహేడు నిమిషాలూ ఆకురాయి అతని చేతిలోనే ఉంది.

అది కదులుతోంది. మొదట బండి కుదుపు అనుకున్నాడు. పెట్రోల్ బంకు దగ్గర సిగ్నల్ పడి బండి ఆగింది. ఆకురాయి ఆగలేదు. ఎడమచేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. పదిహేను సెకన్లకు ఇరవైతొమ్మిది. నిమిషానికి నూటపదహారు.

“అక్కకి చెప్పకు బావా.”

“చెప్పకపోతే ఎట్లా? సాయంత్రం దీంతోనే ఇంటికొస్తావా?”

“నవ్వించకు. నొప్పెడుతోంది.”

“నేనెక్కడ నవ్వించాను? అడిగాను.”

“నీ మొహం చూస్తేనే నవ్వొస్తోంది. నీ మొహానికి చెమటపట్టడం ఇదే మొదలు.”

“నోర్మూసుకుని ఊపిరి తీసుకో.”

“రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?”

తర్వాత బావమరిది మాట్లాడడం మానేశాడు. పెదాలు తెల్లబడ్డాయి. మూడో స్పీడ్ బ్రేకర్ మీద వ్యాను ఎగిరినప్పుడు వెర్నియర్ వేళ్లకు ఒక విషయం తెలిసింది. ఆకురాయి పక్కకు ఊగింది. ఒంట్లో దిగిన వస్తువు ఒళ్లు కదిలితే కదలాలి. ఇది దానికదే విడిగా ఊగింది, అర మిల్లీమీటరు. షాపులో దాన్ని ప్లే అంటారు. ఒకటే ముక్క అయిన ఇనుముకి ప్లే ఉండదు. రెండు ముక్కల మధ్య ఉంటుంది.

రెండు ముక్కలేనని షాపులో ఇద్దరికి తెలుసు. ఒకడు ఎదురుగా అట్టపెట్టెల మీద ఉన్నాడు.

నెలన్నర కిందట ఆ ఆకురాయి వెనక మొన విరిగింది. పిడిలోకి దూరే సన్నటి మొన అది. విరిగితే స్టోర్‌లో చీటీ రాసిచ్చి కొత్తది తెచ్చుకోవచ్చు. చీటీలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘విరిగింది’ అని రాయాలి. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో వెర్నియర్ ఆ మాట రాయలేదు. విరిగింది అంటే బాగుచేయడం రాదు అని ఒప్పుకోవడమే అతని లెక్కలో. విరిగిన ముక్క దొరకలేదు. పాత డ్రిల్ బిట్ నుంచి ఒక ముక్క కోసి, కొస సానబెట్టి, ఇత్తడి కరిగించి మిగిలిన మొనకు అతికించాడు. చల్లారాక వేలితో మీటి చూసి బావమరిదికి చూపించాడు.

“అతికిన చోట లావుగా ఉంది బావా, పిడి పట్టేలా లేదు” అన్నాడు వాడు.

“పిడిదే తప్పు” అన్నాడు వెర్నియర్.

పిడి రోజూ ఊడుతూనే ఉంది. పోయిన శుక్రవారం బావమరిది మళ్లీ చెప్పాడు. పిడిదే తప్పని వెర్నియర్ మళ్లీ చెప్పాడు. శనివారం నుంచి వాడు పిడి తొడగడం మానేశాడు.

ఇంట్లో కూడా ఇదే వరస. కుక్కర్ పిడికి బోల్టు, గొడుగుకి సైకిల్ చువ్వ, కళ్లజోడుకి రాగితీగ. వంటింటి కుర్చీ కాలు రెండుచోట్ల అతుకు. పోయిన ఏడాది ఆ కుర్చీ భార్యను కింద పడేసింది. వెర్నియర్ కాలు తిప్పి చూసి, అతుకు చెక్కుచెదరలేదనీ, విరిగింది అతుకు పక్కన ఉన్న కర్ర అనీ చూపించాడు. భార్య నేలమీద కూర్చునే విన్నది.

పదకొండూ ముప్పైఒకటికి వ్యాను ఆస్పత్రి ముందు ఆగింది.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు ఆకురాయి చుట్టూ మడిచిన గుడ్డలు పేర్చి, కదలకుండా టేపు వేశాడు. అప్పుడుగాని వెర్నియర్‌ని చెయ్యి వదలనివ్వలేదు. వేళ్లు వెంటనే తెరుచుకోలేదు. నర్సు ఒక్కొక్కటే విప్పింది.

“లోపల ఎంత పొడవు ఉండొచ్చు?” అని డాక్టరు అడిగాడు.

“అరవైరెండు మిల్లీమీటర్లు. మొన మొత్తం దిగింది” అన్నాడు వెర్నియర్.

డాక్టరు తలెత్తి చూశాడు. ఇలాంటప్పుడు జనం చేత్తో ఇంత అని చూపిస్తారు. అరవైరెండు అని రాసుకున్నాడు.

ఆస్పత్రిలో ఉండే పోలీసు కానిస్టేబుల్ రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. ఛాతీలో ఏదైనా దిగి వచ్చినవాళ్ల గురించి అతను రాయాలి.

“ఎవరు పొడిచారు?”

“ఎవరూ పొడవలేదు సార్. మెషీన్ కొట్టింది.”

“అతను మీకేమవుతాడు?”

“బావమరిది.”

“మీ ఇద్దరికీ గొడవలేమైనా ఉన్నాయా?”

“బావమరిది అన్నాను కదా సార్. రోజూ ఉంటాయి.”

కానిస్టేబుల్ పెన్ను ఆపాడు. “ఈరోజు పొద్దున ఏమైంది?”

“బాత్రూంలో ముప్పావుగంట ఉన్నాడు.”

కానిస్టేబుల్ అది కూడా రాశాడు.

షాపువాళ్లు ఫోన్ చేస్తే పదకొండూ నలభైఐదుకి వెర్నియర్ భార్య వచ్చింది. ఆమె ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటుంది. బీరువా తాళాలు చేతిలోనే ఉన్నాయి. తమ్ముణ్ణి అద్దం తలుపులోంచి చూసింది. పక్కటెముకల మధ్య ఒక గొట్టం పెట్టి కింద సీసాలోకి వదిలారు. సీసాలో రక్తం ఉంది. ఆకురాయి గుడ్డల మధ్య నుంచి లేచి ఉంది, కదులుతూ.

“అది ఏంటి?”

“ఆకురాయి.”

“ఎవరిది?”

“షాపుది.”

ఇది అబద్ధం కాదు. ఆరేళ్ల కిందట తమ్ముణ్ణి షాపులో చేర్చేటప్పుడు ఆమె అన్నది ఒక్కటే మాట. “వాణ్ణి మీ చేతిలో పెడుతున్నా.” ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు. భర్త కుడిచెయ్యి చూసింది. అరచేతిలో ఆకురాయి గరుకు అచ్చు పడి ఉంది.

పదకొండూ యాభైఎనిమిదికి ఛాతీ సర్జన్ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు తాడు కట్టి మెడలో వేసుకుంది. నిలబడే మాట్లాడింది.

“గుండె చుట్టూ సంచి లాంటి పొర ఉంటుంది. స్కానింగ్‌లో అందులో రక్తం కనిపించింది. ఆ సంచి సాగదు. రక్తం చేరేకొద్దీ గుండెకు కదలడానికి చోటుండదు. బీపీ పడిపోతోంది. ఇప్పుడే తెరవాలి. పక్కటెముకల మధ్య కోసి లోపలికి వెళ్తాం. కళ్లతో చూస్తూ బయటికి తీసి, రంధ్రం కుడతాం. బతుకుతాడా అంటే, బతికించడానికే తీసుకెళ్తున్నాం. సంతకం ఇక్కడ.”

అక్క సంతకం పెట్టింది.

సర్జన్ ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. పక్కటెముకల మీదుగా తెల్లటి మొన ఉంది. ఆవిడ వేలు మొన మధ్యలో ఆగింది.

“ఇక్కడ లావుగా ఉంది. ఎందుకు? ఇది ఒకటే ముక్కా?”

ఆ ప్రశ్న వెర్నియర్‌ని అడిగింది. భార్య అతని పక్కనే ఉంది, మోచెయ్యి తగిలేంత దగ్గర. కానిస్టేబుల్ రిజిస్టరు ఇంకా మూయలేదు.

“ఒకటే ముక్క మేడమ్” అన్నాడు. “తయారీలోనే అలా వస్తుంది.”

“సరే.”

సర్జన్ వెళ్లింది. పన్నెండూ ఐదుకి బావమరిదిని థియేటర్‌లోకి తీసుకెళ్లారు. స్ట్రెచర్ మీద వాడికి మెలకువ ఉంది. అక్కను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. బావను చూసి పెదాలు కదిపాడు. మాట రాలేదు. వెర్నియర్‌కి ‘చెప్పావా’ అన్నట్టు అనిపించింది. వాడు ఏమన్నాడో తేల్చుకునే వీలు లేదు.

థియేటర్ బయట వసారాలో ఒకే ఇనుప పట్టీకి బిగించిన నాలుగు కుర్చీలు ఉన్నాయి. మూడోదాని చెయ్యి ఊడిపోతే ఎవరో వైరు చుట్టారు. వైరు వదులుగా ఉంది. వెర్నియర్ చెయ్యి దాని మీదికి పోయింది.

“ముట్టుకోకండి” అంది భార్య, అటు చూడకుండానే.

అతను చెయ్యి తీశాడు. గోడ గడియారం పన్నెండూ పదకొండు చూపిస్తోంది.

లెక్క వేసుకున్నాడు. బావమరిది సన్నటివాడు. ఛాతీ గోడ ముప్పై మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ లోపల ఇంకో ముప్పైరెండు. అతుకు చర్మం నుంచి నలభై లోతున ఉంది. అంటే అతుకు దాటిన ముక్క మొత్తం గుండె దగ్గరే ఉంది. అతుకు గట్టిగా ఉంటే ఆకురాయి లాగితే మొన కూడా వస్తుంది. అతుకు గట్టిగా లేదు. అర మిల్లీమీటరు ప్లే. లాగితే ఆకురాయి ఒక్కటే వస్తుంది. మొన అక్కడే ఉంటుంది. ఒకటే ముక్క అన్న మాట నమ్మినవాళ్లు వచ్చిందే మొత్తం అనుకుంటారు.

పోనీ, వచ్చినదాని కొసన ఇత్తడి కనిపిస్తుంది కదా అనుకున్నాడు. సర్జన్‌కి ఇత్తడి ఏదో ఇనుము ఏదో తెలుసా? రక్తంలో తడిసి ఉంటే ఏం తెలుస్తుంది? ఎక్స్‌రేలో లావు కనిపెట్టిన మనిషి ఇది మాత్రం కనిపెట్టదా? కనిపెడుతుంది. కనిపెట్టేసరికి లాగడం అయిపోయి ఉంటుంది.

పన్నెండూ పంతొమ్మిది.

ఇప్పుడు చెబితే భార్య వింటుంది. అతుకు వేసింది తనే అని తెలుస్తుంది. అడిగితే అబద్ధం చెప్పాడని తెలుస్తుంది. ఈ రెండింటిలో ఏది ముందు తెలిస్తే నయమో కాసేపు ఆలోచించాడు. రెండూ ఒకేసారి తెలుస్తాయని అర్థమైంది.

“ఏంటి, కూర్చోలేకపోతున్నారు?” అంది భార్య.

“ఏం లేదు.”

“ఏం లేకపోతే కూర్చోండి. మీరు లేస్తుంటే నాలుగు కుర్చీలూ ఊగుతున్నాయి.”

అతను లేచాడు. థియేటర్ తలుపు పక్కన గంట మీట ఉంది. పైన బోర్డు: ‘అత్యవసరమైతే తప్ప నొక్కరాదు’. బోర్డు పూర్తిగా చదివాడు. నొక్కాడు. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కి, వేలు తీయలేదు.

పన్నెండూ ఇరవైఆరుకి తలుపు సగం తెరుచుకుంది. మొహానికి గుడ్డ కట్టుకున్న నర్సు తల బయటికి పెట్టింది.

“ఎవరండీ అది? లోపల ఆపరేషన్ జరుగుతోంది!”

“రెండు ముక్కలు సిస్టర్.”

“ఏవి?”

“లోపల ఉన్నది. మొన విరిగితే ఇత్తడితో అతికించాను. నేనే అతికించాను. అతుకు వదులైంది. ఆకురాయి పట్టుకుని లాగితే మొన లోపలే ఉండిపోతుంది. మేడమ్ అడిగితే ఒకటే ముక్క అని చెప్పాను. ఒకటి కాదు.”

వెనక తాళాలు గలగలమన్నాయి. అతను తిరిగి చూడలేదు.

నర్సు వెనక్కి తిరిగి, “మేడమ్, లాగకండి!” అని కేకేసింది. తర్వాత జేబులోంచి పెన్ను, చేతి తొడుగులు చుట్టి వచ్చే కాగితం తీసి అతనికిచ్చింది. “అతుకు ఎక్కడుందో గీయండి. తొందరగా.”

వెర్నియర్ కాగితాన్ని గోడకు ఆనించి గీశాడు. షాపులో గీసినట్టే గీశాడు. పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక బొమ్మ, కొలతలకు రెండువైపులా బాణాలు. అతుకు దగ్గర మందం ఏడు. కొస దగ్గర నాలుగు. ఆకురాయి భుజం, అంటే మొన మొదలయ్యే చోటు, అక్కణ్ణుంచి అతుకు వరకు నలభై. మొత్తం పొడవు అరవైరెండు అని రాసి ఆగాడు.

అరవైరెండు పాత కొలత, విరగకముందుది. అతికించాక వేలితో మీటి చూశాడు గానీ కొలవలేదు. కాలిపర్ జేబులోనే ఉంది, అప్పుడూ ఇప్పుడూ.

అరవైరెండు కొట్టేశాడు. దాని పక్కన ‘సుమారు 60’ అని రాశాడు. షాపు కాగితాల మీద అతని చేత్తో ‘సుమారు’ అన్న మాట ఎక్కడా లేదు.

నర్సు కాగితం లాక్కుని తలుపు వేసింది.

అతను వచ్చి కూర్చున్నాడు. భార్య లేచి, రెండు కుర్చీలు వదిలి చివరిదాంట్లో కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మామూలు కుర్చీ, ఒక వైరు చుట్టిన కుర్చీ మిగిలాయి.

అక్కడి నుంచే ఆమె అడిగింది. “వాడికి తెలుసా, అది అతుకని?”

“తెలుసు.”

“ఏమన్నాడు?”

“పిడి నిలవట్లేదన్నాడు.”

“మీరేమన్నారు?”

“పిడిదే తప్పన్నాను.”

ఆమె తాళాలగుత్తి ఒళ్లో పెట్టుకుని ఒక్కో తాళం వేరు చేస్తూ కూర్చుంది. లెక్కపెడుతున్నట్టుంది.

“ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయి మీ అతుకులు?”

“ఇంట్లోనా?”

“కాదు, ఆకాశంలో.”

అతను చెప్పడం మొదలుపెట్టాడు. కుక్కర్, గొడుగు, కుర్చీ, ఇస్త్రీపెట్టె, ఫ్యాన్ కొక్కెం. ఫ్యాన్ కొక్కెం సంగతి ఆమెకు తెలియదు.

“ఏ ఫ్యాన్?”

“మన గదిది.”

“మంచం పైనా?”

“అది గట్టిగానే ఉంది.”

ఆమె తాళాలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

రెండూ ముప్పైఐదుకి సర్జన్ బయటికి వచ్చింది. టోపీ తీయలేదు. ముందు అక్క దగ్గరికి వెళ్లింది.

“బతికే ఉన్నాడు. గుండె కొట్టుకుంటోంది, దానంతటదే. రేపటిదాకా మెషీన్ మీద ఊపిరి ఆడిస్తాం. ఇన్ఫెక్షన్ రాకూడదు, మళ్లీ రక్తం కారకూడదు. ఆ రెండూ లేకపోతే నిలబడతాడు.”

అక్క కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఆ కుర్చీ చెయ్యి గట్టిదే.

తర్వాత సర్జన్ వెర్నియర్ వైపు తిరిగింది. చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది.

“మా సిస్టర్ కేకేసే సమయానికి నా అసిస్టెంట్ చెయ్యి ఆకురాయి మీద ఉంది” అంది. “సంచి ఇంకా తెరవలేదు. తీయడం ఆపి ముందు సంచి తెరిచాం. మొన గుండె గోడలోంచి తొమ్మిది మిల్లీమీటర్లు లోపలికి పోయింది. రంధ్రానికి అదే అడ్డుగా ఉంది, మీ గేర్‌బాక్సు మరలాగా. చుట్టూ ముందే ఒక కుట్టు వేసి, మొనను విడిగా పట్టకారుతో పట్టుకుని, అప్పుడు ఆకురాయి వదలమన్నాను. అది దానికదే ఊడి వచ్చింది. మేం లాగలేదు.”

“లాగి ఉంటే?”

“ఆకురాయి వచ్చేది. మొన వెనకాల సంచి నిండా రక్తం ఉండేది, నాకు ఏమీ కనిపించేది కాదు. మొన లోపలికి జారి ఉంటే దాన్ని వెతకాల్సి వచ్చేది. మొన తీసి, వేలితో రంధ్రం మూసి, ఇంకో మూడు కుట్లు వేశాం. ఊపిరితిత్తి అంచు గీసుకుంది, అదీ కుట్టాం. నేను మిమ్మల్ని పదకొండూ యాభైఎనిమిదికి అడిగాను.”

“అవును మేడమ్.”

“మీరు పన్నెండూ ఇరవైఆరుకి చెప్పారు.”

“అవును మేడమ్.”

“ఇరవైఎనిమిది నిమిషాలు.”

“అవును.”

సర్జన్ డబ్బా మూత తీసింది. కడిగిన ఆకురాయి అందులో పట్టక ఒక గుడ్డలో చుట్టి పక్కన నర్సు చేతిలో ఉంది. డబ్బాలో ఉన్నది మొన ఒక్కటే. “ఇదే మొత్తమా? చూసి చెప్పండి. లోపల ఇంకేం మిగల్లేదని ఎక్స్‌రే తీశాం. అయినా తయారుచేసినవాళ్లు చెబితే వినాలనుంది. ఈసారి ఆలోచించి చెప్పండి.”

నర్సు చేతి తొడుగులు ఇచ్చింది. వెర్నియర్ జేబులోంచి కాలిపర్ తీశాడు. ముందు ఆకురాయి కొలిచాడు, భుజం నుంచి విరిగిన చోటికి. నలభై పాయింట్ రెండు. తర్వాత మొన. పంతొమ్మిది పాయింట్ ఆరు. రెండు విరిగిన మొహాలూ దగ్గరగా పెట్టి వెలుతురుకి ఎత్తాడు. మధ్యలోంచి వెలుతురు రాలేదు. కొస సానబెట్టిన గీతలు సానబెట్టినట్టే ఉన్నాయి.

ఇత్తడి చూశాడు. ఒకవైపు పచ్చగా మెరుస్తోంది. ఇంకోవైపు సగం మేర నల్లగా ఉంది. నల్లగా ఉన్నచోట ఇత్తడి అసలు పట్టలేదు. మొదటి రోజు నుంచీ పట్టలేదు. నెలన్నరగా ఆ అతుకు సగమే.

“యాభైతొమ్మిది పాయింట్ ఎనిమిది” అన్నాడు. “మొత్తం ఇదే. ఏమీ మిగల్లేదు. అతుకు నా తప్పే. సరిగ్గా కుదరలేదు.”

సర్జన్ డబ్బా మూత పెట్టింది. నర్సు చీటీ రాసి అంటించింది. కానిస్టేబుల్ వచ్చి రిజిస్టరులో వివరం అడిగాడు. వస్తువు, ఆకురాయి, ఒకటి. ముక్కలు, రెండు. కింద వెర్నియర్ సంతకం పెట్టాడు.

బుధవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి బావమరిది గొంతులోంచి గొట్టం తీశారు. అక్క లోపలికి వెళ్లింది. ఆరు నిమిషాల తర్వాత బయటికి వచ్చింది.

“మిమ్మల్ని రమ్మంటున్నాడు.”

“ఏమన్నాడు?”

“మీరు ఎన్ని తిట్లు తిన్నారో అడిగాడు. ఇంకా మొదలుపెట్టలేదని చెప్పా.”

బావమరిది పక్కలోంచి రెండు గొట్టాలు కింద సీసాల్లోకి దిగి ఉన్నాయి. మెడ దగ్గర ఒక సూది. కళ్లు మాత్రం మామూలుగానే ఉన్నాయి. వెర్నియర్ మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోవడానికి స్టూలు ఉంది. కూర్చోలేదు.

“చెప్పావంట గదా బావా” అన్నాడు బావమరిది. గొంతు బొంగురుగా, గాలిలా వచ్చింది.

“చెప్పాను. ఆలస్యంగా చెప్పాను.”

“ఎంత?”

“ఇరవైఎనిమిది నిమిషాలు.”

“కరెక్టుగానా, సుమారా?”

సుమారు సంగతి వాడికి నర్సు చెప్పింది. వెర్నియర్ వంగి కింద సీసాల్లో మట్టం చూశాడు.

“ముక్కలు రెండూ ఉన్నాయా?”

“పోలీసుల దగ్గర ఉన్నాయి.”

“అడిగి తెచ్చి అతికించు బావా. ఇంకో నెలన్నర వస్తుంది.”

నవ్వబోయాడు. కుట్లు పట్టేసి ఆగిపోయాడు. పక్కనున్న దిండును ఛాతీకి అదుముకుని దగ్గాడు. దగ్గేటప్పుడు అలా చేయమని నర్సు చెప్పింది. వెర్నియర్ వంగి, దిండును అవతలివైపు నుంచి తన అరచేత్తో ఒత్తిపట్టాడు. దగ్గు ఆగేదాకా పట్టుకున్నాడు. చేతికింద కదలిక తెలుస్తోంది. గోడ మీద గడియారం ఉంది. అతను లెక్కపెట్టలేదు.

ఐదో రోజు ఒక గొట్టం తీశారు, ఏడో రోజు రెండోది. జ్వరం రెండు రోజులు వచ్చి తగ్గింది. ఎనిమిదో రోజు స్కానింగ్‌లో గుండె సంచిలో రక్తం లేదు. పదకొండో రోజు ఇంటికి పంపారు. మూడు నెలలు బరువులు ఎత్తకూడదని రాసిచ్చారు. అదే రోజు అక్క ఇంట్లోని కుర్చీ, గొడుగు, ఇస్త్రీపెట్టె, కుక్కర్ గుమ్మం బయట పెట్టింది. ఫ్యాన్ కొక్కెం మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచింది. వెర్నియర్ నిచ్చెన పట్టుకున్నాడు.

మర్నాడు ఉదయం పదీ ఇరవైకి వెర్నియర్ షాపు స్టోర్ కిటికీ దగ్గర నిలబడి చీటీ రాశాడు. వస్తువు: ఆకురాయి, పన్నెండంగుళాలు, ఒకటి. కారణం గడిలో ‘అతికించాను. విరిగింది’ అని రాశాడు.

స్టోర్‌కీపర్ చదివాడు. “విరిగింది అంటే చాలు. మొదటి మాట కొట్టేయొచ్చు.”

“ఉండనీ” అన్నాడు వెర్నియర్.

స్టోర్‌కీపర్ లోపలికి వెళ్లి పెట్టె విప్పి వచ్చాడు. పదీ నలభైకి కొత్త ఆకురాయి కిటికీలోంచి ఇచ్చాడు. దానికి పిడి ఉంది. వెర్నియర్ అక్కడే నిలబడి పిడి లాగి చూశాడు. రాలేదు.